నేల మీద లోతైన కోనేరు: కంప్యూటర్ లెక్కతో భ్రాంతి ముగ్గు గీసే పద్ధతి

సంక్రాంతికీ కాలేజీ ఉత్సవాలకీ ముందు తిరుపతి, చిత్తూరు నుంచి ఒకే ప్రశ్న పదేపదే వస్తుంది: "గొయ్యిలా కనిపించే బొమ్మ వేశాం, ఫోటో తీస్తే వంకరగా ఉంది, ఎక్కడ తప్పింది?" చాలాసార్లు తప్పు గీతల్లో ఉండదు. బొమ్మ ముందు గీసి, ఫోటో తీసే చోటు తర్వాత వెతుక్కుంటారు. చదునైన నేల మీది ఈ బొమ్మ ఒకే ఒక్క చోటు నుంచి చూస్తేనే లోతుగా కనిపిస్తుంది. అందుకే ఈ పనిలో వరస దానికి తలకిందులు. ముందు కెమెరా చోటు ఖాయం చెయ్యాలి, తర్వాతే మొదటి గీత.

ఈ మార్గదర్శిలో 3 మీటర్ల చదరపు మెట్ల కోనేరును పూర్తి కొలతలతో ఇస్తున్నాం. కంప్యూటర్ లేనివాళ్లు కూడా ఈ అంకెలతో గీసేయవచ్చు. వేరే బొమ్మ కావాలంటే 4వ భాగం చూసి సొంతంగా తయారు చేసుకోవచ్చు.

1. ఏ బొమ్మ ఎంచుకోవాలి

నేల మీద నిలబడినట్టు కనిపించే బొమ్మ కన్నా నేల లోపలికి దిగినట్టు కనిపించేది సులువు. కారణం లెక్కలోనే ఉంది. కెమెరా 1.5 మీ. ఎత్తులో ఉందనుకోండి. నిలబడే వస్తువు ఎత్తు పెరిగేకొద్దీ దాని పైభాగం నేల మీద ఎన్ని రెట్లు దూరం, ఎన్ని రెట్లు వెడల్పు పోతుందో చూడండి:

- 30 సెం.మీ. ఎత్తుకు 1.25 రెట్లు
- 50 సెం.మీ. ఎత్తుకు 1.5 రెట్లు
- 75 సెం.మీ. ఎత్తుకు 2 రెట్లు
- 1 మీ. ఎత్తుకు 3 రెట్లు
- 1.2 మీ. ఎత్తుకు 5 రెట్లు

అంటే కెమెరాకు 2 మీ. దూరంలో మీటరు ఎత్తు స్తంభం నిలబడినట్టు కనిపించాలంటే దాని తల 6 మీ. దగ్గర గీయాలి. అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో అంత జాగా ఎక్కడుంటుంది? నిలబడే బొమ్మ కావాలనుకుంటే కెమెరా ఎత్తులో సగం దాటనివ్వకండి.

గొయ్యి విషయంలో లోతు పెరిగేకొద్దీ గీతలు మన వైపుకే వస్తాయి, అంచు దాటి బయటికి పోవు. అందుకే కోనేరు. కపిలతీర్థం మెట్లు చూసిన కళ్లకు ఆ ఆకారం వెంటనే అందుతుంది కూడా.

ఇంకో మాట. దేవుడి బొమ్మలు నేల మీద వద్దు. జనం ఫోటోల కోసం దాని మీదే నడుస్తారు, తర్వాత గొడవ మీ మెడకు చుట్టుకుంటుంది. రోడ్డు మీద వేసేటట్టయితే మున్సిపల్ కార్పొరేషన్, ట్రాఫిక్ పోలీసుల అనుమతి ముందే తీసుకోండి.

2. స్థలం, కాలం

సిమెంటు నేల అన్నిటికన్నా మేలు. పాలిష్ గ్రానైట్ మీద ఆకాశం మెరిసి లోతు చచ్చిపోతుంది. పార్కింగ్ టైల్స్ అయితే వాటి అతుకులు కోనేరు గుండా నేరుగా సాగిపోతూ, ఇది చదునైన నేలేనని చెప్పేస్తాయి. టైల్సే దిక్కయితే రంగు మందంగా పరిచి అతుకులు మూసేయాలి.

వాటం తప్పక చూడండి. వాన నీళ్లు పోవడానికి మేస్త్రీలు నేలకు వాటం ఇస్తారు. కెమెరా నుంచి 5 మీ. దూరంలో నేల 3 సెం.మీ. దిగి ఉంటే అక్కడ పడాల్సిన గీత 10 సెం.మీ. వెనక్కి జరగాలి. మేస్త్రీలు వాడే నీళ్ల పైపుతో రెండు చివర్లా మట్టం చూస్తే రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. 1 సెం.మీ. లోపు తేడా అయితే పట్టించుకోకండి. అంతకు మించితే వాటం కెమెరాకు అడ్డంగా, అంటే ఎడమ నుంచి కుడికి, పడకుండా చూసుకోండి. ముందు వెనకల వాటాన్ని లెక్కలో సరిచేయవచ్చు. పక్క వాటం బొమ్మను మెలితిప్పేస్తుంది.

కాలం సంగతి: తిరుపతిలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. ఆరుబయట పొడి రంగు ఆ నెలల్లో పెట్టుకోకండి. జనవరి మంచి సమయం. మేలో సాయంత్రం గాలివాన ఎప్పుడు కమ్ముకొస్తుందో చెప్పలేం కాబట్టి ఉదయమే ముగించాలి.

కెమెరా ఉత్తరం వైపు చూసేలా పెడితే జనవరిలో ఒక లాభం ఉంది. సంక్రాంతినాడు మిట్టమధ్యాహ్నం ఇక్కడ సూర్యుడు దక్షిణాన సుమారు 55 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. ఫోటో తీసే మనిషి నీడ 1.2 మీ. దగ్గరే ఆగిపోతుంది, 2 మీ. దూరంలో ఉన్న కోనేరు అంచును తాకదు. ఏప్రిల్ చివర సూర్యుడు నడినెత్తికి వస్తాడు. అప్పుడు మధ్యాహ్నం ఫోటోలో నీడలే లేక అంతా చదునుగా కనిపిస్తుంది, ఉదయం ఎనిమిదిన్నర ప్రాంతం నయం.

3. కావలసినవి

- 5 మీ. స్టీలు టేపు (గుడ్డ టేపు సాగుతుంది, వద్దు), పొడవు కొలతలకు ఇంకొకటి ఉంటే మంచిది
- గట్టి నూలు దారం 15 మీ., దానికి పూయడానికి నీలం పొడి
- గుండు కట్టిన దారం
- మూలమట్టం, నీళ్ల పైపు
- మెత్తటి సుద్దలు, మాస్కింగ్ టేపు
- ముగ్గుపిండి, నలుపు, బూడిద, ముదురు ఆకుపచ్చ రంగు పొడులు
- రెండు టీ వడపోతలు, వెడల్పాటి బ్రష్షు, తడిగుడ్డ
- ఫోన్ ట్రైపాడ్

రంగు ఎంత కొనాలో దుకాణంలో అడిగితే ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెబుతారు. నేల గరుకును బట్టి అది మారిపోతుంది. ఒక చదరపు అడుగు మీద వడపోతతో చల్లి, నేల కనబడనంతగా పరిచి, ఎంత పట్టిందో తూచండి. మొత్తం బొమ్మ 9 చదరపు మీటర్లు, అంటే సుమారు 97 చదరపు అడుగులు.

4. కంప్యూటర్‌లో తయారీ

బ్లెండర్ అనే త్రీడీ నమూనాల సాఫ్ట్‌వేర్ ఉచితం, ఈ పనికి సరిపోతుంది. స్కెచప్, ఫ్రీక్యాడ్‌లలో కోనేరు గీయడం ఇంకా తేలికే కానీ, చూపును నేల మీదికి దించే పని బ్లెండర్‌లోనే సాఫీగా సాగుతుంది.

4.1 కోనేరు నమూనా. యూనిట్లు మీటర్లలో పెట్టండి. 3 మీ. చదరపు ప్లేన్ (చదునైన తలం) తీసుకుని దాని మధ్య బిందువును ఎక్స్ (పక్కకు) 0, వై (దూరం) 3.5, జడ్ (ఎత్తు) 0 దగ్గర ఉంచండి. ఎడిట్ మోడ్‌లో ముఖాన్ని 0.2 మీ. కిందికి ఎక్స్‌ట్రూడ్ చేసి (కిందికి లాగి గోడలు తీసి), 0.3 మీ. లోపలికి చిన్న చదరంగా ఇన్‌సెట్ చెయ్యండి. ఈ జంటను మూడుసార్లు చేసి, చివర మరో 0.2 మీ. కిందికి దించండి. పైన మూతలా పాత ముఖం మిగిలిపోతే దాన్ని తీసేయండి. నాలుగు మెట్ల ఎత్తులు, మూడు మెట్ల వెడల్పులు, 0.8 మీ. లోతున 1.2 మీ. చదరపు నీటి మడుగు వస్తాయి.

4.2 కెమెరా. ఎక్స్ 0, వై 0, జడ్ 1.5. తిప్పు (రొటేషన్) ఎక్స్‌లో 63 డిగ్రీలు, మిగతావి సున్నా. ఫోకల్ లెంగ్త్ 26 మి.మీ., సెన్సర్ వెడల్పు 36 మి.మీ., చిత్రం 4:3 నిష్పత్తిలో అడ్డంగా. ఇక్కడ చాలామంది లెన్స్ గురించి అనవసరంగా బెంగపడతారు. బొమ్మ జ్యామితిని నిర్ణయించేది కెమెరా ఉన్న చోటు ఒక్కటే. లెన్స్ మారితే ఫ్రేములో ఎంత పడుతుందో మారుతుంది, గీత ఎక్కడ పడాలో మారదు.

4.3 వెలుతురు. సన్ లైటు పెట్టండి. సన్ పొజిషన్ యాడ్ఆన్‌లో తిరుపతికి అక్షాంశం 13.63, రేఖాంశం 79.42, చిత్తూరుకు 13.2, 79.1, సమయం యూటీసీ (గ్రీనిచ్) కన్నా 5:30 ముందు అని ఇవ్వండి. తేదీ, గంట ఫోటో తీయబోయేవే ఉండాలి. ఉత్తరం ఎటు ఉందో కూడా చెప్పాలి, ఇది మరిచిపోతే మిగతా అంకెలు వృథా. బ్లెండర్‌లోని సైకిల్స్ ఇంజిన్‌తో రెండర్ చేసి (నమూనాను చిత్రంగా తీసి) పీఎన్‌జీగా దాచుకోండి.

4.4 నేల మీదికి దించడం. కోనేరును దాచేసి, అదే చోట జడ్ 0లో కొత్తగా 3 మీ. ప్లేన్ పెట్టండి. దాన్ని ఒక్కో వైపు కనీసం 60 ముక్కలుగా సబ్‌డివైడ్ చెయ్యాలి. తర్వాత యూవీ ప్రాజెక్ట్ మోడిఫయర్ (చిత్రాన్ని ప్రొజెక్టర్‌లా ప్లేన్ మీద పరిచేది) వేసి, ప్రొజెక్టర్‌గా ఆ కెమెరానే ఎంచి, యాస్పెక్ట్ (వెడల్పు, ఎత్తుల నిష్పత్తి) 4, 3 అని ఇవ్వండి. మెటీరియల్ ఎమిషన్ (తనంతట వెలిగేది), అందులో ఇందాకటి చిత్రం. కలర్ మేనేజ్‌మెంట్‌లో వ్యూ ట్రాన్స్‌ఫామ్‌ను స్టాండర్డ్‌కు మార్చండి, లేకపోతే రంగులకు రెండుసార్లు మార్పు తగిలి పాలిపోతాయి.

సబ్‌డివైడ్ ఎందుకంటే, ఈ మోడిఫయర్ చిత్రాన్ని ప్లేన్ మూలల దగ్గరే సరిగ్గా అంటిస్తుంది, మధ్యలో సమానంగా సాగదీస్తుంది. ముక్కలు పెద్దవైతే దూరం పెరిగేకొద్దీ రావలసిన సాగు రాక మెట్లు విరిగినట్టు పడతాయి.

4.5 పైనుంచి చిత్రం. రెండో కెమెరా, ఆర్థోగ్రాఫిక్ (దూరంతో కొలత మారనిది), ఎక్స్ 0, వై 3.5, జడ్ 5, తిప్పు అన్నీ సున్నా, స్కేల్ 3. ఫ్లెక్స్ మీద ముద్రించుకునేవాళ్లు 8504 పిక్సెళ్ల చదరంగా రెండర్ చేస్తే 72 డీపీఐలో సరిగ్గా 3 మీ. వస్తుంది. పది అడుగుల వెడల్పు యంత్రంలో అతుకు లేకుండా పట్టేస్తుంది. మెరుపు లేని మ్యాట్ రకం అడగండి. ఇంటికి తెచ్చాక ఒకసారి కొలవండి.

సరిచూసుకునే చిట్కా: ఈ చిత్రంలో నీటి మడుగు దూరపు అంచు కింది నుంచి 22.5 శాతం ఎత్తులో పడాలి. పడకపోతే యాస్పెక్టో, కెమెరా ఎత్తో తప్పింది.

5. కంప్యూటర్ లేకుండా అదే లెక్క

సూత్రం ఒక్కటే. దూరాన్నీ వెడల్పునూ 1.5తో గుణించి, 1.5కు లోతు కలిపిన అంకెతో భాగించాలి. లోతు 0.2 అయితే 0.882, 0.4 అయితే 0.789, 0.6 అయితే 0.714, 0.8 అయితే 0.652తో గుణించినట్టు.

కెమెరా లెన్స్ నుంచి గుండు దారం జారవిడిస్తే నేల మీద తగిలే చోటును సున్నా గుర్తు అందాం. అక్కడి నుంచి కోనేరు మధ్యగా లాగిన దారం నడిమి దారం. మెట్టు ఎత్తు అంటే దాని నిలువు గోడ, అడుగు అంటే ఆ గోడ కింది అంచు, కొస అంటే మెట్టు లోపలి అంచు. దూరపు వైపు గీతలకు సున్నా గుర్తు నుంచి దూరం, నడిమి దారం నుంచి అటూ ఇటూ వెడల్పు, మీటర్లలో:

- పై అంచు: 5.00 దూరం, 1.50
- మొదటి మెట్టు ఎత్తు అడుగు: 4.41, 1.32
- మొదటి మెట్టు కొస: 4.15, 1.06
- రెండో ఎత్తు అడుగు: 3.71, 0.95
- రెండో మెట్టు కొస: 3.47, 0.71
- మూడో ఎత్తు అడుగు: 3.14, 0.64
- మూడో మెట్టు కొస: 2.93, 0.43
- నీటి అంచు: 2.67, 0.39

ప్రతి వరుసకూ ఒక అడ్డగీత, దాని రెండు చివర్ల నుంచి మన వైపుకు రెండు నిలువు గీతలు. ఆ నిలువు గీతలన్నీ నడిమి దారానికి సమాంతరంగానే వస్తాయి, వంచకండి.

దగ్గరి అంచు 2.00 మీ. దగ్గర. దాని పక్కనున్న మెట్ల ఎత్తులు మనకు కనబడవు, గీయకూడదు. మెట్ల కొసలు మాత్రం మూడు సన్నని పట్టీలుగా తొంగిచూస్తాయి: 2.00 నుంచి 2.03 దాకా, 2.05 దాకా, 2.07 దాకా. వాటి సగం వెడల్పులు 1.06, 0.71, 0.43. పక్క గీతల్లో 1.32ది 2.00 దగ్గర, 1.06, 0.95 గీతలు 2.03 దగ్గర, 0.71, 0.64 గీతలు 2.05 దగ్గర, చివరి రెండూ 2.07 దగ్గర ఆగాలి. మూడు సెంటీమీటర్లు కూడా లేని ఈ పట్టీలను విసుగుతో వదిలేస్తుంటారు. అవి లేకపోతే దగ్గరి అంచు కత్తితో కోసినట్టు ఉండి, నీళ్లు నేరుగా గోడకు ఆనినట్టు కనిపిస్తాయి.

6. ముందు కాగితం మీద

20వ వంతుకు తగ్గించి ఏ4 మీద 15 సెం.మీ. బొమ్మ ముద్రించండి. ప్రింటర్‌లో 'పేజీకి సరిపెట్టు' అన్నది తీసేసి అసలు కొలతలో వెయ్యాలి. ఫోన్ లెన్స్‌ను 7.5 సెం.మీ. ఎత్తులో, బొమ్మ దగ్గరి అంచుకు 10 సెం.మీ. వెనక ఉంచి చూడండి. ఇక్కడ లోతు రాకపోతే నేల మీద కూడా రాదు. కంటితో చూసి తీర్పు చెప్పకండి. రెండు కళ్లకూ చదును తెలిసిపోతుంది, ఫోన్ తెరలోనే చూడాలి.

7. నేల మీద గీయడం

1. నేల ఊడ్చి, కడిగి, పూర్తిగా ఆరనివ్వండి. తడి మీద పొడి ముద్దకడుతుంది.
2. సున్నా గుర్తు పెట్టి, నడిమి దారం 5.5 మీ. లాగి బిగించండి.
3. 2.00, 5.00 దగ్గర అడ్డగీతలకు లంబం 3, 4, 5 కొలతల త్రిభుజంతో తీయండి. చిన్న మూలమట్టాన్ని మాత్రమే నమ్మితే మూడు మీటర్లు పోయేసరికి గీత పక్కకు పోతుంది.
4. పై చదరం గీసి కర్ణాలు కొలవండి. రెండూ 4.24 మీ. రావాలి, తేడా 1 సెం.మీ. దాటకూడదు.
5. దూరాలన్నీ సున్నా గుర్తు నుంచే కొలవండి. గీత నుంచి గీతకు కొలుచుకుంటూ పోతే తప్పు తప్పుకు తోడవుతుంది.
6. దారానికి నీలం పొడి పూసి, బిగించి, మధ్యలో ఎత్తి వదలండి. గీత ఒక్క దెబ్బకు పడుతుంది.
7. సున్నా గుర్తు నుంచి పై అంచు మూలకు దారం లాగండి. పై అంచు మూల, 4.41 వరుస మూల ఒకే దారం మీద ఉండాలి. అలాగే 4.15తో 3.71, 3.47తో 3.14, 2.93తో 2.67 జంటలు. ఈ నాలుగు జంటలనే ఏటవాలు గీతలతో కలపాలి, అవే మెట్ల నిలువు మూలలు. మిగతా మూలలను కలపకండి.

చివరి అంశం మొత్తం పనికి తనిఖీ కూడా. కోనేరులో నిటారుగా ఉండే ప్రతి గీతా నేల మీద కెమెరా కాళ్ల దగ్గరికే గురిపెట్టి ఉంటుంది. ఏ ఒక్కటి పక్కచూపు చూసినా కొలత తప్పినట్టే.

పలక కావాలంటే: జనం కోనేరు మీద నడిచినట్టు ఫోటో దిగాలంటే అడ్డంగా ఒక చెక్క పలక బొమ్మ గీయండి. అది నేల మట్టంలో ఉన్నట్టు లెక్క కాబట్టి కొలత మారదు: 3.40 నుంచి 3.70 దాకా, అటూ ఇటూ 1.70. మందం 5 సెం.మీ. అనుకుంటే దాని ముందు ముఖం 3.29 నుంచి 3.40 దాకా 11 సెం.మీ. పట్టీ అవుతుంది. పలక లేకుండా కోనేరు మధ్యలో నిలబడితే మనిషి గాల్లో తేలినట్టుంటాడు. పిల్లలకు అదే ఇష్టం, అది వేరే సంగతి.

8. రంగులు

రంగు కన్నా వెలుగునీడల తేడా ముఖ్యం. నాలుగు స్థాయిల బూడిద చాలు. వెలుతురు ఎడమ నుంచి వస్తుందనుకుంటే:

- మెట్ల పై తలాలు: ముగ్గుపిండిలో చిటికెడు బూడిద, అన్నిటికన్నా తెలుపు
- కుడి గోడలు: లేత బూడిద
- ఎదురు గోడలు: మధ్యరకం
- ఎడమ గోడలు: ముదురు, లోతుకు పోయేకొద్దీ మరింత
- నీళ్లు: ముదురు ఆకుపచ్చలో నలుపు, దగ్గరి వైపు నల్లగా, దూరపు అంచు దగ్గర కొంచెం లేతగా

నీళ్లతో మొదలుపెట్టి బయటికి రండి. బయటి నుంచి మొదలుపెడితే లోపలికి వెళ్లడానికి వేసినదాన్నే తొక్కాలి. అంచుకు మాస్కింగ్ టేపు వేసి, వడపోతను నేలకు జానెడు ఎత్తులో పట్టి తట్టండి. చేతి వేళ్లతో పోసే ముగ్గు అలవాటున్నవాళ్లు ఇక్కడ కాస్త తగ్గాలి. ముగ్గు గీతకు ఉండే ఉబ్బు దగ్గరి కెమెరాకు సొంత నీడతో కనబడి బొమ్మను చెడగొడుతుంది.

వేశాక ఫోన్‌లో నలుపు తెలుపు ఫిల్టర్ పెట్టి చూడండి. పక్కపక్క తలాలు ఒకే బూడిదగా కలిసిపోతే అక్కడ మరోసారి చల్లాలి.

9. ఫోటో

- ట్రైపాడ్ మీద లెన్స్ 1.5 మీ. ఎత్తులో, సున్నా గుర్తుకు సరిగ్గా పైన. ట్రైపాడ్ నడుమ కాదు, లెన్స్
- ఫోన్ అడ్డంగా, 1 రెట్టు కెమెరాతో. నిలువుగా పట్టుకుంటే దగ్గరి మూలలు తెగిపోతాయి
- 0.5 కెమెరా వద్దు, అంచుల్లో గీతలు సాగుతాయి
- నేల మీద రెండు పాదాల గుర్తులు గీసి 'ఇక్కడి నుంచి తీయండి' అని రాయండి, లేకపోతే అందరూ పక్క నుంచే తీస్తారు

10. తరచూ వచ్చే లోపాలు

కోనేరు ఒక పక్కకు ఒరిగింది. కెమెరా పక్కకు జరిగింది. 30 సెం.మీ. జరిగితే అడుగున నీళ్లు 16 సెం.మీ. జరిగినట్టు కనిపిస్తాయి. ముందుకూ వెనక్కూ జరిగినా ఇంతే. ఎత్తు మారితే మాత్రం ఇంత నష్టం లేదు: 1.2 మీ. నుంచి తీస్తే 80 సెం.మీ. లోతు 64 సెం.మీ.గా కనిపిస్తుంది, అంతే, ఆకారం చెడదు. అందుకే పాదాల గుర్తు విషయంలో పట్టుబట్టండి, ఎత్తు విషయంలో చూసీ చూడనట్టు పోవచ్చు.

దూరపు మెట్లు మరీ పొడుగ్గా ఉన్నాయని తగ్గించారు. పైనుంచి చూస్తే మొదటి మెట్టు ఎత్తు 59 సెం.మీ., నాలుగోది 25 సెం.మీ. మాత్రమే. రెండూ నమూనాలో 20 సెం.మీ.లే. గీసేటప్పుడు పక్కనున్నవాళ్లు "ఇదేంటి, ఇలా ఉంది" అంటారు. వినకండి.

నీడలు ఎదురుబొదురుగా ఉన్నాయి. బొమ్మలో వెలుతురు ఎడమ నుంచి, పలక మీద మనిషి నీడ మాత్రం ఎడమ వైపుకే. గీతలు మార్చలేరు, ఫోటో సమయం మార్చండి, లేదా మబ్బు పట్టేదాకా ఆగండి.

అంచు బయటి నేల మరీ తెల్లగా ఉంది. కోనేరు చుట్టూ 30 సెం.మీ. లేత బూడిద పట్టీ, రాతి గట్టులా వేస్తే సర్దుకుంటుంది. నేల మట్టంలోనే కాబట్టి కొలత మార్చనక్కర్లేదు.

జాగా చాలక బొమ్మ చిన్నది చేశారు, లోతు చెడింది. బొమ్మను తగ్గించి కెమెరాను పాత చోటే ఉంచితే ఇదే జరుగుతుంది. కెమెరా ఎత్తు, సున్నా గుర్తు దూరం కూడా అదే నిష్పత్తిలో తగ్గాలి. 2 మీ. కోనేరుకు పై అంకెలన్నీ మూడింట రెండు వంతులు చేసుకోండి: కెమెరా 1 మీ. ఎత్తులో, దగ్గరి అంచుకు 1.33 మీ. వెనక, మెట్టు ఎత్తు 13.3 సెం.మీ., వెడల్పు 20 సెం.మీ.